చెప్పని మాట

జీమ్యాట్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలకు ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. డేటా సఫిషియెన్సీలో లెక్క బాగా వచ్చినవాళ్లు కూడా దెబ్బతింటారు. ఇచ్చిన రెండు వాక్యాలు జవాబు తేల్చడానికి చాలుతాయా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ప్రశ్నలో లేని మాటను మనసు తనంతట తానే చేర్చేసుకుంటుంది.

బోర్డు మీద తరచూ రాసే లెక్క ఒకటి చెప్తాను. ఎక్స్ ధన సంఖ్యేనా? మొదటి వాక్యం: ఎక్స్ వర్గం ఎక్స్ కంటే పెద్దది. రెండోది: ఎక్స్ ఘనం ఎక్స్ కంటే పెద్దది. క్లాసులో 2 వేసి చూస్తారు, 3 వేస్తారు, జాగ్రత్తపరులు −2 కూడా వేస్తారు. −2 ఘనం −8, అది −2 కంటే చిన్నది. ఇంకేం, రుణ సంఖ్యలు పోయినట్టే, రెండో వాక్యం ఒక్కటే చాలంటారు. అప్పుడు −1/2 వేయమంటాను. వర్గం 1/4, ఘనం −1/8. రెండూ −1/2 కంటే పెద్దవే! అటు 2 కూడా సరిపోతోంది కాబట్టి వాక్యాలు రెండూ కలిపినా చాలవు. అదే ప్రశ్నలో ‘ఎక్స్ పూర్ణసంఖ్య’ అని ఉండి ఉంటే, పిల్లలు చెప్పిందే సరైన జవాబయ్యేది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదని నా నమ్మకం. ఒకటో తరగతి నుంచీ సంఖ్య అంటే వేళ్ల మీద లెక్కపెట్టేదే. భిన్నాలు వేరే పాఠం, రుణ సంఖ్యలు ఇంకో పాఠం. సున్నా సరి సంఖ్యేనని అడిగితే చెప్తారు గానీ, వేసి చూడాల్సిన చోట అది తట్టదు. 5తో భాగిస్తే శేషం 3 వచ్చే సంఖ్యలేవంటే 8, 13 అంటారు. 3ను వదిలేస్తారు.

అందుకే వాక్యాల జోలికి పోకముందే ప్రశ్న పక్కన రాయిస్తాను: పూర్ణసంఖ్య అన్నాడా? ధనమన్నాడా? సున్నా కాదన్నాడా? రెండు అక్షరాలూ వేర్వేరు సంఖ్యలన్నాడా? రెండో వాక్యాన్ని విడిగా చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేయమంటాను.

మొన్న ఒక లెక్కలో పీ, క్యూ ప్రధాన సంఖ్యలు, వాటి మొత్తం బేసి అని ఇచ్చాను. ఒకమ్మాయి పక్కన ‘వేర్వేరు అనలేదు’ అని రాసుకుంది. కాసేపాగి దాని కింద ఇంకో ముక్క చేర్చింది: ‘అయినా వేర్వేరే. ఒకటే అయితే మొత్తం సరి సంఖ్య అయ్యేది.’