ట్రక్కు చక్రం విప్పిన రోజు

మా అత్తవారి ఊరు కృష్ణా డెల్టాలో ఉన్నది. అక్కడ మా బావమరిదికి ఒక ట్రాక్టరు, దానికి రెండు చక్రాల ట్రక్కు ఉన్నాయి. 2014 నూర్పిళ్ల కాలంలో మేము అక్కడికి వెళ్లియుండగా, ఒక సాయంత్రం 75 కిలోల ధాన్యం బస్తాలు 40 వేసుకుని మిల్లుకు బయలుదేరాము. సగం దారిలో ఎడమ చక్రం నుండి కీచుమని చప్పుడు, దానితోపాటు కాలిన గ్రీజు వాసన వచ్చాయి. దిగి చూచితే హబ్బు దగ్గర చెయ్యి పెట్టలేకపోయాము. నిపిలుకు గన్నుతో నాలుగు పోట్లు గ్రీజు కొట్టడమే తప్ప, మూడేళ్లుగా ఆ చక్రం ఊడదీసి బేరింగులు కడిగిన వారు లేరు.

బస్తాలు వేరే బండిలో పంపించి, మరునాడు ఉదయం ఆ పని మేమే చేద్దామని కూర్చున్నాము. మేము చదివిన వేదాంత డిప్లొమాలో బేరింగుల పాఠం లేదు. అయినా చిన్నప్పుడు సైకిళ్లు విప్పిన ధైర్యం ఒకటి ఉన్నది. ఆ ధైర్యమే కొంప ముంచబోయింది.

బావమరిది జాకీ పెట్టి ట్రక్కును లేపాడు. ఇరుసు కింద ఇటుకలు పేర్చమని చెప్పినది మేమే. రెండవ చక్రానికి ముందూ వెనుకా అడ్డు పెట్టాలన్న ఆలోచన మాకు రాలేదు. చక్రం ఊడదీసి పక్కన పడవేశాము. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మేనల్లుడు హబ్బు ముందు గొంతుక్కూర్చుని మూత చుట్టూ మట్టి గీకుతున్నాడు. "మామయ్యా, దాహమేస్తోంది" అని లేచి బోరింగు వైపు వెళ్లాడు. నాలుగడుగులు వేశాడో లేదో జాకీ ఒరిగిపోయింది, ఇటుకలు పిండి అయ్యాయి, పిల్లవాని పాదాలు ఉన్నచోటనే హబ్బు నేలలో దిగబడింది.

బావమరిది మమ్మును ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మా చెల్లెమ్మకు ఆ సంగతి చెప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది.

కబురంపితే వచ్చిన మేస్త్రి ఆ ఇటుకల పొడి చూచి, "అయ్యగారూ, ఇటుక గోడకండీ, బండికి కాదు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు" అన్నాడు. బండిని చదునైన గట్టి నేలకు చేర్పించి, ట్రాక్టరుకు తగిలించే ఉంచి, హ్యాండు బ్రేకు వేయించాడు. రెండవ చక్రానికి ఇరువైపులా రాళ్లు ఎగదన్నించాడు. ఇరుసు కింద వెడల్పాటి తుమ్మ దిమ్మెలు పెట్టి, బరువు వాటిమీదికి దించి, చేత్తో ఊపి చూచిన తరువాతనే నట్టు మీద పానా వేశాడు.

బేరింగులను డీజిలులో కడిగాడు. పెట్రోలు ముట్టుకోనివ్వలేదు. దాని ఆవిరి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది గదా! పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయనను కూడా పంపివేశాడు. గాలి పైపు పెట్టి బేరింగును గిర్రున తిప్పడం కుర్రవాళ్లకు సరదా. అలా తిప్పితే రోలర్లు ఊడి ముఖానికి తగులుతాయని గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాడు. మా ఎడమ చక్రపు లోపలి బేరింగు నీలం రంగు తిరిగి ఉన్నది. అలా నీలం తిరిగినా, ఒక్క రోలరు మీద గుంట పడినా, బేరింగును, హబ్బులో బిగిసి ఉండే దాని కప్పును జతగా మార్చవలసిందే. డబ్బు మిగులుతుందని ఒక్కటి మార్చితే కొత్తది కూడా పాడవుతుంది.

గ్రీజు పెట్టడం చూడవలసిన పని. అరచేతిలో లిథియం గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానిలోనికి నొక్కుతూ, రోలర్ల సందులనుండి పైకి ఉబికేవరకు చుట్టూ తిప్పుతూ పోయాడు. పూర్ణాలు చేసేవారి నేర్పు అది. మాకు మాత్రం మోచేతుల వరకు అంటింది. పాత గ్రీజు మీద వేరే రకం కలపకూడదన్నాడు. ఆయిల్ సీలు కొత్తది వేశాడు.

ఏటవాలు రోలర్ల బేరింగుకు హెన్రీ టిమ్కెన్ అమెరికాలో 1898లో పేటెంటు పొందాడు. పైనుండి పడే బరువును, మలుపులలో పక్కకు వచ్చే తోపును అది రెండింటినీ మోస్తుంది. అయితే బిగింపు కుదరాలి. మేమైతే బలం కొద్దీ బిగించేవారమే. మేస్త్రి హబ్బును తిప్పుతూ కాస్త పట్టేవరకు నట్టు బిగించి, మరల కొంచెం వదులు చేసి, రంధ్రానికి గంటు సరిపడగానే కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి కొనలు వంచాడు. పాత పిన్ను పారవేశాడు.

చక్రం ఎక్కించి అయిదు కిలోమీటర్లు తిప్పి ఆపాము. హబ్బును ముట్టకుండా చేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూచితే గోరువెచ్చగా ఉన్నది. చక్రపు నట్లు ఎదురెదురువి మరొకసారి బిగించి ఇంటికి వచ్చాము.

ఇప్పుడు ఆ పని మా మేనల్లునిదే. ఏటా నూర్పిళ్లకు ముందు రెండు చక్రాలూ విప్పుతాడు. కాలువ నీటిలో హబ్బు మునిగితే మరల విప్పుతాడు. మేము వెళ్లిన సమయమైతే, తుమ్మ దిమ్మెలు పెట్టాక ముందుగా ఒక కుర్చీ తెచ్చి చెట్టు కింద దూరంగా వేసి, "మీరు ఇక్కడ కూర్చోండి మామయ్యా" అంటాడు.