బ్యాగులో వేసి మర్చిపోయే డబ్బా

కొత్త కందిపప్పు తెస్తే పాతది ముందుకు జరిపి, కొత్తది వెనక పెడతాం. మందుల డబ్బా అప్పుడప్పుడూ తిరగేసి, తేదీ దాటినవి పారేస్తాం. ఆడపిల్లల బ్యాగులో ఉండే పెప్పర్ స్ప్రే మాత్రం మన లెక్కలోకి రాదు. కొన్నరోజు బ్యాగులో వేస్తాం, అంతే!

మా అక్క కూతురు గ్రూప్స్‌కి చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటోంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చేసరికి రోజూ చీకటి పడుతుంది. ఒకరోజు తన స్ప్రే నా చేతికిచ్చి, "పిన్నీ, ఇది అసలు పనిచేస్తుందంటావా?" అంది. తేదీ చూస్తే గడువు దాటి ఏడాదైంది.

దిశ ఘటన తర్వాత, 2019 డిసెంబరులో, ఆడవాళ్ళు మెట్రో రైల్లో పెప్పర్ స్ప్రే తీసుకెళ్ళడానికి అనుమతిచ్చారు, గుర్తుందా? ఆ రోజుల్లో కొన్నవి ఇంకా మీ బ్యాగుల్లో ఉంటే ఒకసారి బయటికి తీయండి. కంపెనీని బట్టి గడువు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్ళే. లోపలి మిరప ఘాటు తొందరగా పోదు కానీ, దాన్ని బయటికి తోసే గ్యాస్ మెల్లగా తగ్గిపోతుంది. అప్పుడు మీట నొక్కితే, ఎదుటివాడి మొహం దాకా చిమ్మాల్సింది మన చేతిమీదే కారుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇదీ. కొత్తది కొనగానే గడువు తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాస్తాను. గడువు దగ్గరపడ్డాక కొత్తది బ్యాగులోకి, పాతది సాధనకి. మేడమీద ఎవరూ లేనప్పుడు, ఆరేసిన బట్టలు తీసేశాక, గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడి ఒక్క క్షణం నొక్కించాను. మూత తీయడానికే పిల్ల తడబడింది! ఆ తడబాటు మేడమీదే తీరిపోవాలి, రోడ్డు మీద కాదు.

ఎండాకాలంలో స్కూటీ డిక్కీలో వదిలేయకండి. వేడికి డబ్బా పగలొచ్చు, కారిపోవచ్చు. పుస్తకాలకింద, టిఫిన్ డబ్బాకింద కాకుండా చేతికి వెంటనే అందే బయటి అరలో పెట్టించండి. చిన్నపిల్లలకి మాత్రం అందనివ్వకండి. కొట్టాక అక్కడ నిలబడకుండా జనం ఉన్న వైపు పరిగెత్తి, 100కి ఫోన్ చెయ్యాలని కూడా చెప్పండి.

డబ్బు పెట్టి కొన్న వస్తువు వాడకుండా పారేయాలంటే నాకు ప్రాణం ఒప్పదు. ఈ ఒక్కటి మాత్రం ప్రతిసారీ వాడకుండానే గడువు దాటిపోవాలని దండం పెట్టుకుంటాను.