పీడకలల రుతువు

2023 జులై 5, బుధవారం

నిన్న అమెరికాలో విడుదలైన 'నైట్ టెర్రర్స్: ఫస్ట్ బ్లడ్' రాత్రి భోజనాలయ్యాక టాబ్లెట్‌లో చదివాను. డీసీ కామిక్స్ వాళ్ళ హీరోలంతా ఒకే కథలో కలిసే ఈ వేసవి క్రాసోవర్ ఇదే. రచన జాషువా విలియమ్సన్, బొమ్మలు హోవార్డ్ పోర్టర్. జస్టిస్ లీగ్ వాళ్ళ హాల్ ఆఫ్ జస్టిస్‌లో ఎవరో చొరబడ్డారని బ్యాట్‌మాన్, సూపర్‌మాన్, వండర్ ఉమన్ వెళ్తారు. చూస్తే అక్కడ పాత విలన్ డాక్టర్ డెస్టినీ శవం పడి ఉంటుంది. దీని వెనకున్న కొత్త విలన్ పేరు ఇన్‌సామ్నియా. వాడికి నైట్‌మేర్ స్టోన్ అనే రాయి కావాలి. అది ఎవరిదో ఒకరి పీడకలలో దాగి ఉందని వాడి నమ్మకం. ఎవరి పీడకలో తెలీదు గనక లోకం మొత్తాన్నీ నిద్రపుచ్చేశాడు. ఉంగరం పోయిందని చెరువు తోడించినట్టుంది.

అయినా మొదలు బాగుంది. బ్యాట్‌మాన్ నిద్రలో పడిపోతే, ఖాళీగా ఉన్న ఆ ఒంట్లోకి డెడ్‌మాన్ అనే ఆత్మ దూరి దాన్ని నడిపించడమన్నది మంచి ఊహ. మనసు ఒకచోట నరకం చూస్తుంటే ఒళ్ళు ఇంకొకరి ఆధీనంలో వీధుల్లో తిరుగుతుంది.

జులై 8, శనివారం

మేనల్లుడు వచ్చాడు. వాడు కామిక్స్ చదవడు. నిరుడు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ద శాండ్‌మాన్' మాత్రం మొత్తం చూశాడు. నేను చదివిన కథ చెబితే అడిగాడు:

"మావయ్యా, ఈ డాక్టర్ డెస్టినీ ఆ సీరియల్లో ఎర్ర రాయి పట్టుకుని తిరిగినాయనేనా?"

ఆయనే. జాన్ డీ. సీరియల్లో సూపర్‌హీరోల ఊసు తీసేశారు గనక వాడికి ఆ లంకె తెలీదు. 1961లో 'జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా' అయిదో సంచికలో పుట్టిన పాత్ర అది. గార్డ్‌నర్ ఫాక్స్ రాశాడు, మైక్ సెకౌస్కీ గీశాడు. తర్వాత అతని చేతికి మెటీరియాప్టికాన్ అనే పరికరం వచ్చింది, కలల్ని బయటికి లాగి నిజం చేసేది. ఈ బెడద వదిలించుకోడానికి లీగ్ వాళ్ళు అతనికి అసలు కలలే రాకుండా చేశారు. కలలు లేక మనిషి శుష్కించి, మొహం పుర్రెలా తయారైంది.

మావాడు కాసేపు ఊరుకుని, "అంటే తప్పు హీరోలదే కదా" అన్నాడు. ఆ సంగతి ఇన్నేళ్ళుగా పెద్దగా ఎవరూ తిరగెయ్యలేదు. ఇప్పుడు అతని శవాన్ని తెచ్చి సాక్షాత్తూ లీగ్ వాళ్ళ గడపలోనే పడేశారు. విలియమ్సన్ ఈ దారం పట్టుకుంటాడేమో చూడాలి.

జులై 16, ఆదివారం

మావాడు చూసిన సీరియల్‌కి మూలమైన నీల్ గైమన్ 'శాండ్‌మాన్' అయిదో సంచిక మళ్ళీ తీశాను. 1989 నాటిది. సూపర్‌హీరోల జట్టూ కలల రాజూ ఎదురుపడిన కథల్లో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. ఇందులో యుద్ధం లేదు, ముఖచిత్రం మీద బాకా లేదు. తన ఎర్ర రత్నం వెతుక్కుంటూ ఆ కలల రాజు మార్ఫియస్ న్యూయార్క్‌లో లీగ్ బసకి వస్తాడు, అంతే. లీగ్ సభ్యుడు మిస్టర్ మిరకిల్ అప్పుడే పీడకలలోంచి ఉలిక్కిపడి లేస్తాడు. చిన్నప్పుడు పెరిగిన అనాథాశ్రమం, అక్కడి గ్రానీ గుడ్‌నెస్ పెట్టిన హింస. ఎన్ని సంకెళ్ళయినా విప్పుకుని బయటపడగల మొనగాడికి నిద్రలో మాత్రం ఆ గోడలు ఇంకా కూలలేదు.

లీగ్‌లోని అంగారకుడు మార్షియన్ మాన్‌హంటర్ తలుపు తీసినప్పుడు ఇంకో తమాషా. మిరకిల్‌కి పాలిపోయిన మనిషిలా కనిపించే మార్ఫియస్, ఇతని కంటికి మంటల్లో వెలుగుతున్న పెద్ద తలకాయలా కనబడతాడు. అది అంగారకుల స్వప్నదేవత. చచ్చిపోయిన గ్రహం తాలూకు దేవుడు గుమ్మంలో నిలబడేసరికి ఆ పచ్చటి మహాకాయుడు భక్తితో మాట్లాడతాడు. ఎవరి కల వాళ్ళది అన్న విషయాన్ని ఇంత తక్కువ చోటులో చెప్పడం చెయ్యి తిరిగినవాడి పని.

మన పురాణాల్లో కల ఎక్కువగా సూచన. త్రిజటకి కల వస్తే లంకకి మూడిందని అర్థం. ఈ కామిక్స్‌లో కల ఒక దేశం. దానికి రాజుంటాడు, వాకిళ్ళుంటాయి, బయటివాడు చొరబడొచ్చు.

జులై 30, ఆదివారం

'జేఎల్‌ఏ' (జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా) 22, 23 సంచికలు, 1998. గ్రాంట్ మారిసన్ రచన. బొమ్మలు ఈ హోవార్డ్ పోర్టరే! పాతికేళ్ళ తర్వాత అదే చేతికి మళ్ళీ నిద్రపోయే లోకాన్ని గీసే పని పడింది. నక్షత్రచేప రూపంలోని దురాక్రమణదారు మనుషుల్ని నిద్రలోంచి లొంగదీసుకోవాలని చూస్తాడు. తెల్లటి దుస్తుల్లో డేనియల్, అంటే మార్ఫియస్ తర్వాత గద్దెనెక్కిన కలల రాజు, వచ్చి లీగ్ సాయం అడుగుతాడు. అప్పటికి 'శాండ్‌మాన్' ఆగిపోయి రెండేళ్ళు. ఒక పిల్లవాడి కల చుట్టూ నడిచే కథ. రెండు సంచికల్లోనే మొదలై అయిపోతుంది. ఇప్పుడైతే దీన్నే ఆర్నెల్లు సాగదీస్తారు.

ఆగస్టు 13, ఆదివారం

ఈ క్రాసోవర్ కోసం రెండు నెలల పాటు డీసీ మామూలు కథలు చాలావరకు ఆపేసింది. ఒక్కో హీరోకి, ఒక్కో విలన్‌కి రెండేసి సంచికల పీడకల. చదవగలిగినన్ని చదివాను. చాలావాటిలో ఒకటే వరస: చీకటి, రక్తం, చచ్చిపోయిన ఆత్మీయులు లేచి నిందించడం. బ్యాట్‌మాన్‌కి మళ్ళీ తల్లిదండ్రులు హత్యకి గురైన ఆ సందూ, ఆ తుపాకీయే. ఇది అతని రోజువారీ బతుకే కదా, ప్రత్యేకించి పీడకల ఎందుకు?

జోకర్ సంచికలు మాత్రం వేరు. మాథ్యూ రోజెన్‌బర్గ్ రాశాడు. అందులో బ్యాట్‌మాన్ ఏ వీరోచిత పోరాటమూ లేకుండా, నవ్వొచ్చేంత చిల్లర ప్రమాదంలో చచ్చిపోతాడు. ఇంక జోకర్‌కి చెయ్యడానికేం మిగిలింది? ఆఫీసు ఉద్యోగంలో చేరతాడు. బల్ల, కుర్చీ, తోటి ఉద్యోగులు. పగలబడి నవ్వాను. వెంటనే కొంచెం భయం కూడా వేసింది. ఈ మనిషికి బ్యాట్‌మాన్ చేతిలో దెబ్బలు తినడం కంటే, అతను లేని సోమవారం పొద్దున్న భయంకరం. పాత్ర ఎముకల్లోంచి తీసిన పీడకల అంటే ఇదీ.

ఆగస్టు 30, బుధవారం

'నైట్స్ ఎండ్' వచ్చింది, క్రాసోవర్ ముగిసింది. వీరులు లేచారు, కొట్టారు, గెలిచారు. చివరి పేజీలు తర్వాతి క్రాసోవర్‌కి దారి వేశాయి.

హీరోల, విలన్ల కొట్లాటల్లో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాడు ఇన్‌సామ్నియా. కలలు ఊడలాగేస్తే పుర్రెగా మారినవాడు డెస్టినీ. ఈ ఇద్దరి కథనీ పక్కపక్కన పెట్టి, మేం చేసినదానికి జవాబు చెప్పాలని ఒక్క హీరోకి నిద్రపట్టకుండా చేస్తే చాలు, నైట్‌మేర్ స్టోన్ అక్కర్లేకపోయేది. విలియమ్సన్ ఆ దారం వదిలేసి రాయి వెంటపడ్డాడు.

మావాడు ఏవేం చదవాలో పంపమన్నాడు. పంపాను: ముందు 'శాండ్‌మాన్' అయిదు, ఆ తర్వాత 'జేఎల్‌ఏ' 22, 23, చివర జోకర్ రెండు సంచికలు. మిగతా 'నైట్ టెర్రర్స్' జోలికి పోనక్కర్లేదు.