ఆటగాని ఒడంబడిక

వేసవి సెలవులు ముగిసి మా పాఠశాల తెరచునప్పటికి ఐరోపా ఖండములోని ఫుట్‌బాలు క్లబ్బుల ఆట ఆగియుండును. ఆట ఆగినను ఆటను గూర్చిన ప్రసంగము ఆగదు. ఆగకపోగా ఆ దినములలోనే అది మిక్కిలి హెచ్చును. ఏ ఆటగాడు ఏ క్లబ్బును విడుచును? ఎవనికొరకు ఎంత సొమ్ము చెల్లును? వాని ఒడంబడికలో విడుదల షరతు కలదా, లేదా? మా పై తరగతుల విద్యార్థులకు మధ్యాహ్న విరామములో ఇవియే ముఖ్య విషయములు. గణితములో నూటికి ముప్పది మార్కులు దాటని బాలుడొకడు కోట్ల యూరోలను రూపాయలలోనికి మార్చి నోటిలెక్కగా చెప్పుట మేము చెవులార వింటిమి. ఆ నేర్పు పరీక్షా పత్రముపై ఏల కనబడదో ఆ బాలుడే చెప్పవలయును.

ఈ ప్రసంగములను మేము ఆక్షేపింపము. దూరదేశముల పేర్లు, నాణెములు, చట్టములు ఆట మూలముగా పిల్లలకు పరిచయమగుట మంచిదే. కాని వానిలో తరచుగా వినబడు మాట యొకటి మమ్ము ఆలోచింపజేసినది. అది ‘ద్రోహి’ యను మాట. తాము మెచ్చిన క్లబ్బును విడిచి పోయిన ప్రతి ఆటగానికిని మా బాలురు ఈ బిరుదమును ఉదారముగా దయచేయుచున్నారు. ఈ యేడు తొమ్మిదవ తరగతిలో ఇద్దరు ప్రాణస్నేహితులు ఈ మాటను గూర్చియే కలహించి, వారము దినములు ఒకే బల్లపై కూర్చుండియు మాటలాడుకొనకుండిరి. ఒడంబడికలో వ్రాసియున్న షరతు ప్రకారము విడిచిపోయిన వానిని ద్రోహి యనవచ్చునా? ఈ ప్రశ్న ఆటకు మాత్రమే చెందినది కాదని తోచుటచే దీనిని ఇచ్చట కొంచెము విచారింప బూనితిమి.

ఆటను ఎరుగని తలిదండ్రుల కొరకు ముందుగా రెండు మాటలు చెప్పవలయును. వృత్తిగా ఆడు క్రీడాకారుడు ఒక క్లబ్బుతో కొన్ని సంవత్సరములకు ఒడంబడిక చేసికొనును. ఆ గడువులో వేరొక క్లబ్బు వానిని కోరినచో, ఉభయ క్లబ్బులును, ఆటగాడును సమ్మతింపవలయును. క్రొత్త క్లబ్బు పాత క్లబ్బునకు సొమ్ము చెల్లింపవలయును. ఇట్టి మార్పులు ఏడాదిలో రెండు నిర్ణీత కాలములందే జరుగును. వానిలో వేసవికాలము పెద్దది. ఇక విడుదల షరతు అనగా, ‘ఇంత సొమ్ము ముట్టినచో మేము ఆపము’ అని క్లబ్బు ముందుగానే వ్రాసి యిచ్చిన మాట. స్పెయిను దేశములో 1985వ సంవత్సరపు రాజశాసనము ననుసరించి వృత్తి క్రీడాకారుడు పరిహారమిచ్చి గడువు నడుమను కొలువు విడువవచ్చును. ఆ పరిహారమెంతయో ఒడంబడికలోనే వ్రాసికొనుట అక్కడ వాడుకయైనది. ఇంగ్లండులో ఇట్టి చట్టము లేదు. ఇరుపక్షములును కోరి వ్రాసికొన్ననే షరతు ఉండును.

ఈ షరతు విలువ తెలియవలెనన్న, ఇది లేని కాలమును చూడవలయును. ఇంగ్లండులో 1893 మొదలు ఒక కఠిన నియమము నడచెను. ఆటగాని ఒడంబడిక గడువు తీరినను, పాత క్లబ్బు విడువనిదే అతడు మరియొక చోట ఆడరాదు. 1905లో ఆల్ఫ్ కామన్ అను నతడు సండర్లాండు నుండి మిడిల్స్‌బ్రోకు పోయినప్పుడు క్లబ్బునకు ముట్టినది 1,000 పౌనులు. లోకమంతయు విస్తుపోయెను. ఆ కాలమున ఆటగాడు వారమునకు పొందదగిన జీతము 4 పౌనులకు మించరాదని నిబంధన యుండెను. మనిషి వెల వేయి, మనిషి కూలి నాలుగు!

1960లో జార్జి ఈస్టుహామ్ అను ఆటగాడు తన గడువు ముగిసినందున న్యూకాసిల్ క్లబ్బును విడువగోరెను. క్లబ్బు విడువలేదు. అతడు ఆట మానుకొని దక్షిణమునకు పోయి, బిరడాలు చేయు కార్కు సరకు అమ్మి జీవించెను గాని లొంగలేదు. కొంతకాలమునకు క్లబ్బువారు 47,500 పౌనులకు అతనిని ఆర్సెనలుకు విడిచిరి. తన పని నెరవేరినది గదా యని ఊరకుండక, తనవంటి వారందరి కొరకు ఈస్టుహామ్ వ్యాజ్యమును నడపెను. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్సు ఆ నిలుపుదల పద్ధతి మనుష్యుని వృత్తిస్వేచ్ఛకు అన్యాయమైన అడ్డు అని తీర్పు చెప్పెను.

అంతటితో కథ ముగియలేదు. బెల్జియములో జా మార్క్ బోస్మన్ అను ఆటగాని ఒడంబడిక 1990లో తీరెను. లియేజ్ నగరపు క్లబ్బు అతని జీతమును మిక్కిలి తగ్గించెను. ఫ్రాన్సులోని డంకర్కు క్లబ్బునకు పోవుట కూడ సాధ్యము కాకపోయెను. అతడు న్యాయస్థానము మెట్లెక్కెను. 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము, గడువు తీరిన ఆటగాడు సభ్యదేశములలో ఏ క్లబ్బునకైనను సొమ్ముతో పనిలేక పోవచ్చునని తీర్పిచ్చెను. అప్పటికి బోస్మన్ ఆటవయస్సు దాదాపు గడచియుండెను. ఆయన నాటిన చెట్టు ఫలములను తరువాతివారు తినుచున్నారు.

మా బాలురు ఇచ్చట ఒక సంగతిని గమనింపవలయును. ఈ తీర్పులకు పూర్వము ఒకే క్లబ్బులో చిరకాలమున్న ఆటగాండ్రను మనము విశ్వాసపాత్రులని పొగడుచుందుము. వారిలో నిజముగా ప్రేమించి యున్నవారెందరో, పోలేక యున్నవారెందరో ఎవరు చెప్పగలరు? బయట తాళము వేసిన గదిలో నున్నవానిని ‘ఎంత ఇల్లు విడువనివాడు!’ అని మెచ్చుకొందుమా? పోవుటకు వీలున్న చోటనే ఉండుటకు విలువ కలదు.

ఇక ఈ కాలపు షరతులను చూతము. 2017 ఆగస్టులో బ్రెజిలు దేశీయుడగు నేమారు బార్సిలోనాను విడిచి పారిస్ క్లబ్బునకు పోయెను. అతని షరతు 22 కోట్ల 20 లక్షల యూరోలు. అంతకు ముందు సంవత్సరము పోగ్బా కొరకు చెల్లిన అత్యధిక మొత్తమునకు ఇది రెండింతలకు పైమాట. అంత సొమ్ము ఎవ్వరును ఇయ్యజాలరని జనులు తలచియుండిరి. సొమ్ము వచ్చెను, తలుపు తెరచుకొనెను. ఆ సంఖ్య ఆటగాడు ఒక్కడే వ్రాసినది కాదు. క్లబ్బును దానిక్రింద సంతకము చేసినది. మరి ద్రోహమెక్కడిది? హాలండు అను నార్వే యువకుడు 2022లో డోర్టుమండును విడిచి మాంచెస్టరు సిటీకి పోయినప్పుడు షరతు ఇంచుమించు 6 కోట్ల యూరోలు. షరతు సంగతి ముందే తెలిసియుండుటచే ఆ వీడుకోలు రచ్చ లేక గడచిపోయెను.

మాట తప్పువారు ఆటగాండ్రే యనుకొనరాదు. 2013లో ఆర్సెనలు క్లబ్బు లివర్‌పూలు ఆటగాడగు స్వారెజు కొరకు 4 కోట్ల 1 పౌను ఇచ్చెదమనెను. ఆ ఒక్క పౌను ఏల? 4 కోట్లకు మించి వచ్చినచో విడుదల కలదని వారు నమ్మిరి. లివర్‌పూలు విడువలేదు. అట్టి షరతు ఉండెననియు, ఐనను తాము అమ్మరాదని నిశ్చయించుకొంటిమనియు ఆ క్లబ్బు యజమాని మరుసటి సంవత్సరము బహిరంగముగానే చెప్పెను. స్వారెజు నిలిచి, ఆ ఆటకాలములో లీగు పోటీలలో 31 గోల్సు చేసి, 2014లో బార్సిలోనాకు పోయెను. అతనిని ద్రోహి యన్న అభిమానులు క్లబ్బును ఏమనిరో మేము వినలేదు.

షరతులలో సంఖ్యవలెనే తేదీయు ముఖ్యము. గ్రీజ్మను అను ఫ్రెంచి ఆటగాని షరతు 2019 జూన్ 30 వరకు 20 కోట్ల యూరోలు, జూలై 1 నుండి 12 కోట్లు. బార్సిలోనా జూలైలో 12 కోట్లు చెల్లించెను. బేరము ముందే కుదిరినదనియు, 20 కోట్లు రావలెననియు అట్లెటికో క్లబ్బు మొరపెట్టెను. ఒక రాత్రికి 8 కోట్ల భేదము!

మెస్సీ కథ ఇంకను శోచనీయము. ఏ ఆటకాలము ముగింపునందైనను సొమ్ము లేకయే పోవచ్చునని అతని ఒడంబడికలో నుండెను. కాని ఆ సంగతి జూన్‌లోగా తెలుపవలయును. 2020లో మహమ్మారి వలన ఆటలు ఆగస్టు వరకు సాగినవి. ఆట ముగిసిన పిమ్మట అతడు లేఖ పంపగా, తేదీ మించినది గావున 70 కోట్ల యూరోలు చెల్లింపవలయునని క్లబ్బు వాదించెను. లీగువారును దానినే బలపరచిరి. తన జీవితమంతయు గడపిన క్లబ్బును న్యాయస్థానమున కీడ్వజాలనని చెప్పి మెస్సీ నిలిచిపోయెను. మరుసటి యేడు ఉండగోరినప్పుడు క్లబ్బు ఆర్థికస్థితి అడ్డువచ్చెను. అందరి యెదుట కన్నీటితో సెలవు తీసికొనెను. పోగోరిననాడు పోలేదు, ఉండగోరిననాడు ఉండలేదు. ఇందులో ఎవరిని ద్రోహి యందుము?

నిలిచినవారి మాటయు చెప్పవలయును. బిల్బావో నగరపు అట్లెటిక్ క్లబ్బు బాస్కు ప్రాంతములో పుట్టినవారిని, లేక అక్కడ ఆట నేర్చినవారిని మాత్రమే ఆడించును. ఘనా దేశము విడిచి సహారా యెడారిని దాటి వచ్చిన దంపతుల కుమారుడు నీకో విలియమ్స్ అందులో ఆటగాడు. బార్సిలోనా అతనిని వరుసగా రెండు వేసవులు కోరెను. షరతు ప్రకారము పోవచ్చును. 2025 జూలైలో అతడు 2035 వరకు తన క్లబ్బుతోనే క్రొత్త ఒడంబడిక చేసెను. అందులోను విడుదల షరతును తీసివేయలేదు. దాని మొత్తమును సగమునకు పైగా పెంచిరి. తలుపు ఉన్నది, అతడును ఉన్నాడు. మేము విశ్వాసమనునది దీనిని.

మన ప్రాంతములోను ఆటగాండ్రు ఊరు విడుచుట క్రొత్త గాదు. సికింద్రాబాదు పరిసరములలో పెరిగిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా ఈస్టు బెంగాలు క్లబ్బునకు పోయెను. 1962లో జకార్తా నగరమున ఏషియా క్రీడల స్వర్ణపతకము గెలిచిన భారత జట్టులో నుండెను. ఆ జట్టునకు ఆట నేర్పినవాడు హైదరాబాదు వాస్తవ్యుడు, మునుపు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు విడిచినందున బలరాం పేరు హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రలోనుండి తొలగిపోలేదు.

ఈ విషయమున మేము కేవలము ప్రేక్షకులము కాము. ఉపాధ్యాయ శిక్షణ ముగించి మేము కొలువున చేరినప్పుడు సంతకము చేసిన కాగితములో, మూడు నెలలు ముందుగా తెలిపి గాని, మూడు నెలల జీతము చెల్లించి గాని కొలువు విడువవచ్చునని వ్రాసియుండెను. మా విడుదల షరతు అదియే. ఆ మొత్తము నాడొక పాడిగేదె వెలకును చాలదు. కొన్నేండ్లకు పట్టణమునుండి ఎక్కువ జీతమునకు పిలుపు వచ్చినప్పుడు మాకు రెండు రాత్రులు నిద్ర లేదు. పోయియుండినను దోషము కాదు. ఉంటిమి. ఆ కాగితము మమ్ము పట్టి యుంచలేదు గనుకనే మేము ఉన్నామని చెప్పుకొనుటకు మాకు హక్కు కలిగినది.

మా సహోపాధ్యాయులొకరు అదే షరతు ప్రకారము మూడేండ్ల క్రిందట వెడలిపోయిరి. కడపటి దినమున సాయంకాలపు గంట కొట్టువరకు పాఠము చెప్పి, దిద్దిన పరీక్షా పత్రములను అప్పగించి, సుద్దముక్కల పెట్టెను బల్లపై పెట్టి సెలవు తీసికొనిరి. ‘డబ్బుకొరకు మనలను విడిచిరి’ అని కొందరు పిల్లలనిరి. తండ్రిగారి వైద్యమునకు ఆయన చేసిన అప్పు పిల్లలకు తెలియదు. తెలుపు పని ఆయనకు లేదు. ఆ దినమునుండియే ‘ద్రోహి’ యను మాట మా చెవికి కటువుగా వినబడుచున్నది.

అట్లని పోవువారందరును స్తుతిపాత్రులని మేమనము. గడువు మధ్యలో అలిగి అభ్యాసమునకు రాక, క్లబ్బును లొంగదీయ జూచువారు కలరు. జీతము పుచ్చుకొనుచు పని ఎగవేయుట ఏ షరతులోను వ్రాసియుండదు. విచారింపవలసినది ఇదియే: పోయినాడా, ఉన్నాడా యని కాదు, ఉన్నంతకాలము ఒప్పుకొన్న పని చేసెనా, పోవునప్పుడు వ్రాసికొన్న త్రోవన పోయెనా యని. మరియు, పిల్లలారా, రేపు మీరును ఎన్నో కాగితములపై సంతకము చేయుదురు. సంఖ్యను చదువుడు, తేదీని చదువుడు, చదువకుండ చేయి కదపకుడు.

ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి పదవ తరగతివారు కడపటి పరీక్షలకు సిద్ధమగుచుందురు. పిదప ఆఫీసు గది ముందు వరుసగా నిలిచి ట్రాన్స్‌ఫరు సర్టిఫికెట్టు పుచ్చుకొందురు. అందులో కోట్లు లేవు. గ్రంథాలయ పుస్తకములు తిరిగి యిచ్చి, బాకీ తీర్చినచో చాలును. అంతకు మించిన షరతు మేము వ్రాయలేదు. సుఖముగా పోయి రండు. మిమ్ము ద్రోహులని ఇచ్చట ఎవ్వరు ననరు.