నాన్న స్కాన్‌లో 511

పోయినేడు నాన్నని పెట్ స్కాన్‌కి వైజాగ్ తీసుకెళ్లా. గరివిడిలో పొద్దున్నే రైలెక్కాం. ఏమీ తినకూడదన్నారు కదా, టీ లేదన్నదే ఆయన బెంగంతా. ఇంజెక్షన్ చేసి గంటసేపు కదలకుండా కూర్చోబెట్టారు. నేను బయట ఫోన్‌లో ఆ మందు గురించి చదువుతూ కూర్చున్నా.

అది రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెర. కేన్సర్ కణాలు చక్కెరని ఎక్కువగా లాక్కుంటాయి. ఫ్లోరిన్ నుంచి పాజిట్రాన్ బయటికొస్తుంది. దానికి ఎలక్ట్రాన్ ఎదురుపడిందా, రెండూ మాయం. రెండు గామా కిరణాలు చెరో దిక్కుకీ దూసుకుపోతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

511! ఎమ్మెస్సీలో నా సెమినార్ దీనిమీదే. పాలపుంత నడిమి నుంచి కూడా ఇవే కిరణాలు వస్తున్నాయి. గామా కిరణాల్ని గాలి కిందికి రానివ్వదు. అందుకే 1970ల్లో బెలూన్లకి పరికరాలు కట్టి పంపి పట్టుకున్నారు. (హైదరాబాద్‌లో కూడా టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది.) 2002లో యూరప్ పంపిన ఇంటెగ్రల్ ఉపగ్రహం వాటికి మ్యాపే గీసింది.

అన్ని పాజిట్రాన్లు అక్కడికెలా వచ్చాయి? పేలిన నక్షత్రాలవి కావొచ్చు. 2004లో సెలీన్ బోమ్ బృందం ఇంకో మాటంది: డార్క్ మ్యాటర్‌వేమో! మామూలు పదార్థానికి ఐదింతలుండి కూడా కంటికి కనబడని సరుకది. అందరూ ప్రోటాన్‌కి పదుల, వందల రెట్లు బరువైన కణాల కోసం వెతుకుతుంటే, వీళ్లు బాగా తేలికైనవాటి గురించి ఆలోచించారు. అలాంటివి రెండు ఢీకొంటే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ పుడతాయని లెక్క. 2006లో ఇంకో ఇద్దరు దానికి హద్దు గీశారు. ఆ కణం ఎలక్ట్రాన్‌కి ఆరింతలు మించి బరువుంటే, ఇంకాస్త శక్తి ఎక్కువున్న గామా కిరణాలూ కనబడాలి. కనబడలేదు. కనబడకపోవడం కూడా ఆచూకీయే. నాకిందులో బాగా నచ్చేది అదే.

తిరుగు రైల్లో, విజయనగరంలో కొన్న టీ తాగుతూ నాన్న ఇదంతా విన్నారు.

"అయితే దొరికిందేటి?"

"లేదు నాన్నా. 2027లో నాసా వాళ్లు కోసి అని కొత్త టెలిస్కోప్ పంపుతారట."

ముప్పై ఏళ్లు ఫర్నేసు దగ్గర పనిచేసిన మనిషి. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఫర్నేసు లోపలికి దిగి చూస్తామేటి? నీలం అద్దంలోంచి వెలుగు చూసే చెప్తాం లోపలెలాగుందో." కాసేపాగి, "మరి నా లోపల ఏటి కనబడిందట?" అన్నారు.

"రిపోర్ట్ రేపిస్తారు."

ఒంట్లో మందుంటుంది, ఇవాళ పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని చెప్పి పంపారు. ఇంటికెళ్లేసరికి అన్నయ్య కొడుకు తాతా అంటూ పరిగెత్తుకొచ్చాడు. నాన్న రెండడుగులు వెనక్కేసి, అరుగు చివర కూర్చున్నారు.

"ఆగరా బాబూ, అక్కడే ఉండు. రేపు ఎత్తుకుంటాను."