హోమ్ అలోన్ 4: ఒక్కడూ లేని ఇల్లు

హోమ్ అలోన్ అంటే మనలో చాలామందికి రెండే సినిమాలు. 1990లో వచ్చినది ఒకటి, 1992లో పిల్లాడు న్యూయార్కులో తప్పిపోయేది ఇంకోటి. 1997లో వేరే పిల్లాడితో మూడోది కూడా తీశారని కొందరికి గుర్తుండొచ్చు. నాలుగోది ఉందంటే మాత్రం "అవునా?" అంటారు. ఉందండీ. థియేటర్ల కోసం కాకుండా టీవీ కోసమే తీసి, 2002 నవంబరు 3న అమెరికాలో ఏబీసీ ఛానెల్లో వేశారు. మొన్నొక ఆదివారం, రిలీజ్ పని అయిపోయి చేతిలో ఏమీ లేక, దాన్ని చివరిదాకా చూశాను. ఓపిక నాది :)

అది బాగోలేదని చెప్పడానికి ఇంత రాయక్కర్లేదు. అందరూ చెప్పే కారణాలు మాత్రం నాకు సరిగ్గా అనిపించవు. మెకాలే కల్కిన్ లేడు, కెవిన్‌గా మైక్ వైన్‌బర్గ్ అనే వేరే పిల్లాడు, దొంగ మార్వ్‌గా డేనియల్ స్టెర్న్ బదులు ఫ్రెంచ్ స్టీవర్ట్, హ్యారీ జాడే లేదు, అందుకే పోయింది అంటారు. మనుషులు మారితే కథ చచ్చిపోతుందా? మన అమృతం సీరియల్‌నే తీసుకోండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చినన్నాళ్ళలో హీరోనే మారాడు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. మనం రెండు వారాలు గొణిగి మూడో వారం నుంచి మామూలుగా నవ్వుకున్నాం. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. 2020 ఉగాదికి జీ5లో అమృతం ద్వితీయం వచ్చినప్పుడు ఆ పాత్రలో ఎల్బీ శ్రీరామ్ గారు కూర్చున్నారు. మొదట్లో కళ్ళు ఆయన కోసం వెతికిన మాట నిజమే. కానీ ఇద్దరు దోస్తులు, అప్పుల మీద నడిచే ఒక హోటలు, నెత్తిమీద అప్పాజీ, ఈ కొలత ఉన్నంతవరకు అది అమృతమే.

హోమ్ అలోన్‌కి ఆ కొలత ఏంటి? పేరులోనే ఉంది కదా. ఇల్లు, ఒంటరితనం. నాలుగోదాంట్లో ఈ రెండూ లేవు.

మొదట ఇల్లు సంగతి. మాది నస్పూర్, సింగరేణి క్వార్టర్లు. బాపు గనిలో పని, అమ్మ మంచిర్యాలలో ఒక బట్టల షాపులో. బడి నుంచి వచ్చేసరికి తాళం. చెవి పక్కింటి పెద్దమ్మ దగ్గర. బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే ఇంట్లో మనిషున్నా లేనట్టే, గిన్నె చప్పుడు కూడా చేయొద్దు. డిసెంబరులో కేబుల్లో హోమ్ అలోన్ వేస్తే నాకు ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా సినిమా మొత్తం అర్థమైంది. ఎందుకంటే కెవిన్ వాడిన సామాన్లన్నీ మా ఇంట్లో ఉన్నవే! ఇస్త్రీ పెట్టె, మేకు, పెయింటు డబ్బా, తాడు, మెట్ల మీద పోసిన నీళ్ళు. ఇస్త్రీ పెట్టె ఎంత బరువుంటుందో, మేకు కాల్లో దిగితే ఎట్లుంటుందో చూసేవాడికి ముందే తెలుసు. అది దొంగ మొహం మీద పడేలోపే మనకు నొప్పి లేస్తుంది, అందుకే నవ్వొస్తుంది. చికాగో శివారులోని ఆ మూడంతస్తుల బంగళాకూ మా రెండు గదుల క్వార్టరుకూ ఏం పోలిక ఉంది చెప్పండి? అయినా కలిసింది.

నాలుగో సినిమాలో ఇల్లు ఒక కోటీశ్వరురాలిది. నోటితో చెబితే తలుపులు తెరుచుకుంటాయి, రిమోట్ నొక్కితే అన్నీ కదులుతాయి. ఇప్పుడు స్మార్ట్ హోమ్ అంటున్నామే, అదన్నమాట. 2002లో అది గొప్ప ఊహే, ఒప్పుకుంటాను. కానీ పిల్లాడు బటన్ నొక్కుతాడు, ఇల్లు పని చేస్తుంది. దాంట్లో వాడి తెలివేముంది? రోజూ ఏపీఐలు పిలుచుకుంటూ బతికేవాణ్ణి చెబుతున్నా, వేరేవాడు రాసిన ఫంక్షన్‌ని పిలవడం చూడ్డానికి అంత సరదాగా ఉండదు.

ఇక ఒంటరితనం. ఇంట్లో నాన్న ఉన్నాడు, నాన్న పెళ్ళి చేసుకోబోయే నటాలీ ఉంది, బట్లరు ఉన్నాడు, పనావిడ ఉంది. కాసేపు బయటికి వెళ్తారు, మళ్ళీ వస్తారు. ఇంతమంది మధ్య అలోన్ ఎక్కడ?

నాకు అసలు కోపం వచ్చింది మాత్రం ఇంకో చోట. ఇందులో కెవిన్ అమ్మానాన్నలు విడిపోయారు. పండగకి కెవిన్ నాన్న దగ్గరికి వెళ్తాడు, దొంగల్ని పట్టిస్తాడు, చివరికి నాన్న నటాలీని వదిలేసి అమ్మ దగ్గరికి వచ్చేస్తాడు. శుభం. పిల్లాడు గట్టిగా తలుచుకుంటే, బాగా అల్లరి చేస్తే, తెగిన సంసారం అతుక్కుంటుందట.

మా క్వార్టర్ల వరసలో నాకొక దోస్తు ఉండేవాడు. వాళ్ళ నాన్న వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టాడు. నెల మొదట్లో డబ్బుల కోసం వాణ్ణే పంపేవాళ్ళు. చుట్టాలంతా వాడికి చెప్పేది ఒకటే, "నువ్వడుగు బిడ్డా, నువ్వడిగితే నాన్న వస్తడు". వాడు అడిగాడు. ఎన్నిసార్లు అడిగాడో నాకు తెలుసు. ఆయన రాలేదు. తొమ్మిదో క్లాసు దాకా వాడు, తనకే సరిగ్గా అడగరాలేదేమో అనుకున్నాడు. అట్లాంటి పిల్లలు అమెరికాలో తక్కువేం లేరు కదా, పండగ పూట టీవీ ముందు కూర్చునే పిల్లల్లో ఎంతమంది ఉంటారు? వాళ్ళకి ఈ కథ చెప్పడానికి మనసెలా ఒప్పింది?

తమాషా ఏంటంటే, మొదటి సినిమాకి ఈ సంగతి తెలుసు. పక్కింటి ముసలాయన మార్లీ గుర్తున్నాడా? కొడుకుతో గొడవపడి ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉంటాడు. చర్చిలో కెవిన్ ఆయనకి ఫోన్ చేసి చూడమని చెప్తాడు, అంతే. వాడు వెళ్ళి కలపడు. మధ్యవర్తిత్వం చేయడు. భయం దాటి ఫోన్ ఎత్తాల్సింది పెద్దాయన, ఎత్తింది కూడా ఆయనే. చివర్లో మంచులో మనవరాలిని ఎత్తుకున్న ఆయన్ని కెవిన్ కిటికీ లోంచి చూస్తాడు. అట్లాగే వాళ్ళమ్మ. పారిస్ నుంచి డల్లాస్, అక్కణ్ణుంచి స్క్రాంటన్, చివరికి ఎవరో బ్యాండు వాళ్ళ వ్యానులో కూర్చుని ఇంటికి చేరుతుంది. వదిలి వెళ్ళింది పెద్దవాళ్ళు, తిరిగి రావాల్సిన కష్టమూ పెద్దవాళ్ళదే. ఆ సినిమా రాసింది జాన్ హ్యూస్, నాలుగోదాంట్లో ఆయన చెయ్యి లేదు. తేడా ఎంత ఉందో చూడండి.

2012లో ఐదోది, 2021లో డిస్నీ ప్లస్ కోసం ఇంకోటి వచ్చాయి. వాటి గురించి నాకు పెద్దగా కంప్లయింట్లు లేవు, పొగడ్తలూ లేవు.

ఇంత చెప్పాక కూడా నాలుగోది చూస్తానంటే బట్లరు ప్రెస్కాట్ కోసం చూడండి. వేసింది ఎరిక్ అవారి, మన డార్జిలింగులో పుట్టిన నటుడు. అంత గోలలో, ఒక్కమాటైనా గొంతు పెంచకుండా, నిజంగా ఒక ఇంట్లో పని చేస్తున్న మనిషిలా కనిపించేది ఆయనొక్కడే.