అర అలకు పది సెంటీమీటర్లు

కొత్తవలస దాటగానే పట్టాలు రెండు దారులవుతాయి. ఒకటి విజయనగరం మీదుగా హౌరా వైపు తిన్నగా సాగిపోతుంది. రెండోది ఎడమకు తిరిగి కొండల ముఖం పడుతుంది. శృంగవరపుకోట, బొర్రా, అరకు, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్, దంతెవాడ మీదుగా కిరండూల్ దాకా సుమారు 446 కిలోమీటర్లు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఓడ ఎక్కించడానికి 1960ల్లో వేసిన లైను ఇది. రైల్వేవాళ్లు కేకే లైను అంటారు. 1980ల తొలినాళ్లలో దీని మీదికి కరెంటు తీగ వచ్చింది.

కిరండూల్ ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికినవాళ్లు లోయలూ వాగులూ చూస్తారు. నాకు మాత్రం ఈ దారిలో చూపు పైనున్న తీగ మీదికే పోతుంది. ఆ తీగలో పారేది ఏసీ. ఈ ఘాట్‌ను ఏళ్ల తరబడి మోసిన ఇంజన్ల మోటార్లు తిరిగేది డీసీ మీద. ఆ రెంటికీ మధ్య ఇంజను కడుపులో జరిగే మార్పిడి అరకు లోయకు ఏమాత్రం తీసిపోని వింత అని నా నమ్మకం.

కొత్తవలస నుంచి శృంగవరపుకోట దాకా పొలాలు, మామిడి తోటలు, అక్కడక్కడ తాటిచెట్లు. దారి ఇంకా చదునే. ఈ నెమ్మదిలోనే తీగ సంగతి మాట్లాడుకోవడం మేలు. అందులో ఉన్నది 25,000 వోల్టులు, 50 హెర్ట్జ్. 25,000 అన్నది ఒక రకం సగటు లెక్క. అల శిఖరం 35,000 దాటుతుంది. దారి పొడవునా కొన్ని పదుల కిలోమీటర్లకొకటి చొప్పున రైల్వే సబ్‌స్టేషన్లు ఉంటాయి. గ్రిడ్డులో కరెంటు మూడు ఫేజుల్లో వస్తుంది. రైల్వే అందులో రెండు తీగల మధ్య వోల్టేజిని మాత్రమే తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, ఒక కొసను పై తీగకు, ఇంకో కొసను పట్టాలకు కలుపుతుంది. మనం కూర్చున్న బండి కింది పట్టాలే కరెంటు తిరిగి వెళ్లే దారి. మూడు ఫేజులూ ఇంజనుకు అందించాలంటే నెత్తిన కనీసం రెండు తీగలుండాలి. ఇటలీలో చాలాకాలం అలాగే నడిపారు. స్టేషన్లలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటల్లా ఆ రెండు తీగలు తగలకుండా చూడటం పెద్ద తలనొప్పి. ఒక్క తీగ చాలనుకున్నారు కాబట్టే మన రైలుకు ఒకే ఫేజు దక్కింది. ఇక్కడి నుంచి మొదలయ్యే కష్టమంతా ఆ ఒక్క ఫేజుదే.

ఆ కష్టమేమిటో బండి వేగంతోనే లెక్క కట్టవచ్చు. 50 హెర్ట్జ్ అంటే సెకనుకు 100 అర అలలు. ఒకటి ఇటు, తర్వాతిది అటు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. అంటే ఒక్కో అర అలకు 10 సెంటీమీటర్లు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య దూరం దాదాపు 60 సెంటీమీటర్లు. ఒక స్లీపరు మీంచి తర్వాతి స్లీపరు మీదికి చక్రం వెళ్లేలోపు తీగలో వోల్టేజి ఆరుసార్లు శిఖరం ఎక్కి, ఆరుసార్లు సున్నాకు పడిపోతుంది. సున్నా దగ్గర తీగ నుంచి ఇంజనుకు ఏమీ అందదు. అయినా బండి కుదుపులు లేకుండా పోతూనే ఉంటుంది. దిక్కు మారే కరెంటును ఒకే దిక్కుకు తిప్పడమే రెక్టిఫయర్ పని అని బడిలో చదువుకున్నాం. దిక్కు తిప్పడం తేలిక పనే. ఆ సున్నాల దగ్గర పడే గుంతలను పూడ్చడమే కష్టం.

బొడ్డవర దాటాక కొండ అందుకుంటుంది. శివలింగపురం నుంచి దారి 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తుంది. ఇంజను గొంతు మారుతుంది. ఈ ఘాట్ మీద ఎక్కువకాలం పనిచేసింది డబ్ల్యూఏజీ-5. ఆరు ఇరుసులు, ఇరుసుకో డీసీ సీరీస్ మోటారు, 3,850 హార్స్‌పవర్. ఆగి ఉన్న బరువును లాగే క్షణంలో అత్యధిక బలం ఇవ్వడం, వేగం పెరిగేకొద్దీ తనంతట తనే బలం తగ్గించుకోవడం ఆ మోటారు స్వభావం. రైలుకు కావలసిందీ అదే. దానికే నేరుగా 50 హెర్ట్జ్ ఏసీ ఇస్తే కమ్యుటేటర్ మీద బ్రష్షులు నిప్పులు చిమ్ముతాయి. జర్మనీ, స్విట్జర్లాండు వంటి దేశాలు ఈ బాధ తప్పించుకోవడానికి రైళ్లకోసమే విడిగా 16⅔ హెర్ట్జ్ కరెంటు తయారు చేసుకున్నాయి. ఫ్రాన్సు మాత్రం మామూలు గ్రిడ్డు కరెంటునే తీగకెక్కించి ఇంజనులో డీసీగా మార్చుకునే దారి పట్టింది. 1950ల్లో మన రైల్వే ఆ దారినే ఎంచుకుంది. ఇంజనులో ప్రధాన సర్క్యూట్ బ్రేకరును ఇప్పటికీ డీజే అనడం ఆ ఫ్రెంచి వారసత్వమే.

ఘాట్ ఎక్కుతున్న లోకో పైలట్ చేతిని గమనించాలి. కంట్రోలర్ పిడిని ప్లస్ వైపు ఒక్కసారి నెట్టి వదిలితే అది తిరిగి మధ్యకు వచ్చేస్తుంది. వెనక గదిలో ట్యాప్ ఛేంజర్ ఒక మెట్టు ఎక్కుతుంది. ఒక నాచ్ పడిందంటారు. మళ్లీ నెడితే ఇంకో నాచ్. మొత్తం 32. ప్రతి నాచ్‌కూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో ఒక కొత్త చోటు నుంచి వోల్టేజి తీసుకుని రెక్టిఫయర్‌కు అందుతుంది. చివరి మెట్టు దగ్గర అది 850 వోల్టుల చేరువలో ఉంటుంది. అంటే శిఖరం 1,200.

ఈ 1,200 శిఖరమున్న అలకు ఒకే ఒక్క డయోడు అడ్డం పెట్టామనుకుందాం. ఇటు వచ్చే అర అలను వదులుతుంది, అటు పోయేదాన్ని ఆపేస్తుంది. శిఖరాన్ని పై (π)తో భాగిస్తే సగటు వస్తుంది, 380 వోల్టులు. సగం అలలు వృథా. 10 సెంటీమీటర్లు బలం ఉంటే తర్వాతి 10 సెంటీమీటర్లు ఖాళీ. పైగా ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో అయస్కాంతం ఒకే వైపు పేరుకుపోయి అది వేడెక్కుతుంది. చిన్న చిన్న పరికరాల్లో తప్ప ఈ పద్ధతి పనికి రాదు. రెండు డయోడ్లు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను నడిమధ్య నుంచి కలిపితే రెండు అర అలలూ అందుతాయి. అయితే పని చేయకుండా ఉన్న డయోడు మీద శిఖరానికి రెట్టింపు, 2,400 వోల్టులు ఎదురు తోస్తాయి. చుట్టలో సగం ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

నాలుగు డయోడ్లను చతురస్రంలా కట్టడమే బ్రిడ్జి. ఎదురెదురు మూలలు రెంటికి ఏసీ, మిగతా రెండు మూలల నుంచి మోటారుకు డీసీ. అల ఇటు వచ్చినప్పుడు ఒక జత డయోడ్లు దారి ఇస్తాయి. అటు తిరిగినప్పుడు ఆ జత మూసుకుంటుంది, రెండో జత తెరుచుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు దిక్కు మారుతూనే ఉన్నా మోటారులోకి మాత్రం ఎప్పుడూ ఒకే కొస నుంచి దిగుతుంది. సగటు రెట్టింపై 765 వోల్టుల దగ్గరికి చేరుతుంది. ఈ మోటార్లకు కావలసిన గరిష్ఠం 750. డయోడు మీద పడే ఎదురు వోల్టేజి 1,200 దాటదు. తెరవమనీ మూయమనీ చెప్పే చెయ్యి ఒక్కటీ లేదు. అలే తన దారిని తాను తెరుచుకుంటుంది. బ్రిడ్జి గీతను మొదటిసారి అర్థం చేసుకున్ననాడు కలిగే సంతోషం ఏ వయసులోనైనా అలాగే ఉంటుంది.

డబ్ల్యూఏజీ-5లో ఇలాంటి సిలికాన్ బ్రిడ్జిలు రెండు పెట్టెల్లో ఉంటాయి. ఆర్‌ఎస్‌ఐ-1, ఆర్‌ఎస్‌ఐ-2 అని పిలుస్తారు. ఒక్కోటి మూడేసి మోటార్లకు అన్నం పెడుతుంది. డయోడు నుంచి కరెంటు పోతున్నప్పుడు అందులో సుమారు ఒక వోల్టు ఖర్చవుతుంది. వెయ్యి ఆంపియర్లు పారుతుంటే అదే ఒక కిలోవాటు వేడి. అందుకే ప్రతి పెట్టెకూ ఒక ఊదుడు ఫ్యాను. ఫ్యాను ఆగి గాలి అందకపోతే రిలే పడిపోయి డీజే తెరుచుకుంటుంది, బండి బలం పోతుంది. డయోడుకు తోడుగా ఉన్న ఫ్యూజు కాలితే పైలట్ ముందు ఒక చిన్న దీపం వెలుగుతుంది. ఎల్‌ఎస్‌ఆర్‌ఎస్‌ఐ అని దాని పేరు. మన దేశానికి 1959-60ల్లో వచ్చిన తొలి ఏసీ ఇంజన్లలో సిలికాన్ లేదు. పాదరసం నింపిన ఇగ్నిట్రాన్లలో మెరుపు పుట్టించి మార్పిడి చేసేవారు. కదిలే బండిలో పాదరసాన్ని కుదురుగా ఉంచడం, దాని వేడిమిని కాపాడటం నిత్య పోరాటం. తర్వాతి ఇంజన్లలో సిలికాన్ వచ్చి ఆ పోరాటానికి ముగింపు పలికింది.

త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. ఒక సొరంగంలోంచి బయటపడి కళ్లు సర్దుకునేలోపు ఇంకోటి. కింద గోస్తనీ లోయ. గుంతల సంగతికి ఇదే తగిన చోటు. బ్రిడ్జి దాటి వచ్చిన కరెంటు దిక్కు మారడం లేదు కానీ, వోల్టేజి ఇంకా సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతోంది. మోటారుకూ బ్రిడ్జికీ మధ్య ఇనుప గుండె ఉన్న ఒక పెద్ద రాగి చుట్ట పెట్టారు. దాన్ని స్మూతింగ్ రియాక్టర్ అంటారు. కరెంటు పెరగబోతే అడ్డుకుని ఆ శక్తిని అయస్కాంతంగా దాచుకుంటుంది. తగ్గబోతే దాచినది తిరిగి ఇచ్చి నిలబెడుతుంది. కుట్టుమిషను తొక్కేటప్పుడు పాదం వదిలిన క్షణంలోనూ చక్రం తిరుగుతూ ఉండటం లాంటిదే ఇది. అయినా అలజడి పూర్తిగా పోదు. అందుకే ఈ మోటార్లను శుద్ధ డీసీకి కాకుండా, కాస్త ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటుకు తట్టుకునేలా తయారు చేశారు. ఫీల్డు చుట్టకు పక్కన ఒక నిరోధం శాశ్వతంగా కట్టి, ఆ అలజడిని దాని గుండా మళ్లిస్తారు.

మన చేతిలో ఫోను ఛార్జరులోనూ మొదట ఉండేది ఇలాంటి బ్రిడ్జే. అక్కడ గుంతలు పూడ్చేది చుట్ట కాదు, కెపాసిటర్. అది 230 వోల్టుల ఏసీ శిఖరం దాకా, సుమారు 325 వోల్టులకు నిండి, రెండు శిఖరాల మధ్య కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. ఛార్జరుకు కావలసింది కొద్దిపాటి కరెంటే కనుక ఆ పద్ధతి సరిపోతుంది.

ఈ దారిలో తీగకు కరెంటే లేని చోట్లు కూడా ఉన్నాయి. పక్కపక్క సబ్‌స్టేషన్లు గ్రిడ్డులో వేర్వేరు ఫేజులు తీసుకుంటాయి. రెండూ కలిస్తే ముప్పు. అందుకని మధ్యలో కొంత మేర తీగను ఖాళీగా వదిలేస్తారు. న్యూట్రల్ సెక్షన్ అంటారు. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకోటి. పైలట్ నాచ్‌లు దించి, డీజే తెరిచి, ఊపు మీదే బండిని దాటించి, అవతల మళ్లీ డీజే మూస్తాడు. అర అల గుంతను చుట్ట పూడుస్తుంది. ఈ గుంతను దాటించేది బండి బరువే.

శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్లు. చాలాకాలం బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఎత్తైనదిగా పేరు. ఈ ఎత్తుకు బరువులు ఎక్కించడం కోసమే 1980ల చివర్లో స్వీడన్ నుంచి ఏసియా కంపెనీవి, జపాన్ నుంచి హిటాచీవి కొన్ని ఇంజన్లు తెప్పించి విశాఖ షెడ్డులో ఉంచారు. డబ్ల్యూఏజీ-6 అన్నారు వాటిని. అందులో డయోడు చోట థైరిస్టర్ వచ్చింది. అల వచ్చినంత మాత్రాన థైరిస్టర్ తెరుచుకోదు. గేటుకు సైగ అందాలి. సైగను ఆలస్యం చేస్తే అర అలలో మొదటి ముక్క ఆగిపోతుంది, సగటు తగ్గుతుంది. నాలుగూ థైరిస్టర్లే ఉన్న బ్రిడ్జిలో ఆ ఆలస్యాన్ని కోణంగా చూస్తే, సగటు దాని కొసైనును బట్టి మారుతుంది. 60 డిగ్రీలకు సగం, 90కి సున్నా. మెట్లు లేవు, నాచ్‌ల కుదుపు లేదు. వాలులో చక్రం జారకుండా బలాన్ని వెంట్రుకవాసిగా పెంచవచ్చు. దీనికీ మూల్యం ఉంది. కరెంటు వోల్టేజి కంటే వెనకబడుతుంది, పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, కోసిన అలల అలజడి సిగ్నళ్లకూ ఫోను తీగలకూ ఇబ్బంది పెడుతుంది. ట్యాప్ ఛేంజర్ ఉన్న పాత ఇంజన్లను చాలాకాలం వదలకపోవడానికి అదీ ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

అరకు, గోరాపూర్, పాడువా. పీఠభూమి మీద బండి తేలికగా పోతుంది. కోరాపుట్ దాటాక జైపూర్‌కు దిగుడు. ఖాళీ గూడ్సు ర్యాకులకు ఇది దిగుడు. ఖనిజంతో ఎదురు వచ్చే ర్యాకులకు ఇదే ఎక్కుడు. ఒకప్పుడు మూడు డబ్ల్యూఏజీ-5లు కలిసి లాగేవి. జగదల్‌పూర్, దంతెవాడ, బచేలి. అక్కడి నుంచి నేల ఎర్రబడుతుంది.

ఇప్పుడు ఈ దారిలో డబ్ల్యూఏజీ-9లు కూడా నడుస్తున్నాయి. ఇందులో మోటార్లు మూడు ఫేజులవి, కమ్యుటేటర్ లేదు. అయినా తీగది ఇంకా ఒక్క ఫేజే కనుక మధ్యలో డీసీ తప్పదు. బ్రిడ్జి స్థానంలో సెకనుకు వందలసార్లు తెరిచి మూసే స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టనే పంపులా వాడుకుని, అల శిఖరం కంటే ఎక్కువగా, సుమారు 2,800 వోల్టుల డీసీని నిలుపుతాయి. తీగ నుంచి తీసుకునే కరెంటు వోల్టేజితో అడుగు కలిపి నడుస్తుంది. అయితే ఎంత తెలివైన స్విచ్చు పెట్టినా, ఒక్క ఫేజు శక్తి సెకనుకు 100 సార్లు సున్నాకు రావడం మానదు. అందుకే ఇందులోనూ సరిగ్గా 100 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన ఒక చుట్టనూ కెపాసిటర్‌నూ జతగా పెట్టి ఆ ఊగిసలాటను పీల్చుకుంటారు.

కిరండూల్‌లో ర్యాకు నిండాక అదే దారిన తిరుగు ప్రయాణం. శిమిలిగుడ దాటి ఘాట్ దిగేటప్పుడు ఇంజనుకు లాగే పని లేదు, ఆపే పని ఉంది. రియోస్టాటిక్ బ్రేకుతో దిగే పాత ఇంజనులో మోటార్లే జనరేటర్లవుతాయి. అవి పుట్టించిన కరెంటు పైకప్పు దగ్గరి నిరోధాల్లో వేడిగా మారి కొండగాలిలో కలిసిపోతుంది. డయోడ్ల బ్రిడ్జిలో కరెంటుకు వెనక్కి వెళ్లే దారి లేదు మరి. డబ్ల్యూఏజీ-9లో ఆ స్విచ్చులే తిరగబడి పనిచేస్తాయి. డీసీని 50 హెర్ట్జ్ ఏసీగా కోసి, తీగలోని అలతో అడుగు కలిపి వెనక్కి పంపుతాయి. అదే సబ్‌స్టేషను పరిధిలో శివలింగపురం నుంచి ఖాళీ ర్యాకు ఒకటి ఎక్కుతూ ఉంటే, దిగుతున్న ఖనిజం పుట్టించిన కరెంటు ముందు దాని మోటార్లకే అందుతుంది. మిగిలింది గ్రిడ్డుకు పోతుంది.